జావా పాఠం ఎక్లిప్స్ దగ్గరే ఆగిపోతోంది

సంపాదకులకు నమస్కారం.

జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలనుకునే ఇంజినీరింగ్ విద్యార్థులు ఏ వరుసలో ఏమేమి చదవాలో వివరిస్తూ ఇటీవల మీ చదువుల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. క్లాసులు, ఆబ్జెక్టులు, కలెక్షన్లు, థ్రెడ్లు, వాటి వెంట ఇంటర్వ్యూ ప్రశ్నలు, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. అయితే రాసిన ప్రోగ్రామును మూటగట్టి, మనది కాని యంత్రం మీద, మనం పక్కన లేనప్పుడు కూడా నడిచేలా పంపడం గురించి అందులో ఒక్క వాక్యం కూడా లేదు. మీ వ్యాపార పేజీలో మాత్రం 2022 నవంబరులో హైదరాబాద్‌లో మొదలైన అమెజాన్ వెబ్ సర్వీసెస్ రీజియన్ (కంప్యూటర్లను అద్దెకిచ్చే డేటా కేంద్రాల సముదాయం) గురించీ, విశాఖలో గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో పెడతానన్న డేటా కేంద్రం గురించీ ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు, ఎంత కరెంటు అన్న లెక్కలు తరచూ కనిపిస్తుంటాయి. ఆ కేంద్రాల్లోకి మన పిల్లలు రాసిన ప్రోగ్రాము ఏ రూపంలో, ఏ దారిన చేరుతుందన్న ప్రశ్న ఆ రెండు పేజీల మధ్య ఎక్కడో జారిపోయింది.

నేను ఇరవై ఏళ్లకు పైగా జావా మీదే బతుకుతున్నవాణ్ని. కొన్నేళ్లుగా ఒక ఇంజినీరింగ్ కళాశాలవారు పిలిస్తే చివరి సంవత్సరం ప్రాజెక్టులు చూడటానికి వెళ్తున్నాను. ప్రతి జట్టూ లాప్‌టాప్ తెరిచి, ప్రోగ్రాములు రాసి నడపడానికి వాడే ఎక్లిప్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆకుపచ్చ బొత్తాం నొక్కి, తెర మీద ఫలితం చూపిస్తుంది. ఎక్లిప్స్ మూసేసి ఇదే ప్రోగ్రామును నడిపి చూపించమని అడిగితే గదిలో నిశ్శబ్దం అలుముకుంటుంది. ఒకసారి ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, "మూసేస్తే ఇంక ప్రాజెక్టు ఎక్కడుంటుంది సార్?" అంది. ఆమెను తప్పుపట్టలేం. నాలుగేళ్లలో ఎవరూ ఆ బొత్తాం వెనుక ఏం జరుగుతుందో ఆమెకు చూపించలేదు. లైబ్రరీలు, అంటే మనం వాడుకునే ఇతరుల కోడ్, ఎక్కడున్నాయో వెతికిపెట్టేది, ఏ క్లాసుతో మొదలుపెట్టాలో జావాకు చెప్పేది ఎక్లిప్సేనని చెప్పినవారూ లేరు.

నిజానికి జావాలో ఈ పనికి తొలినాళ్ల నుంచీ మంచి ఏర్పాటే ఉంది. 1997లో విడుదలైన 1.1 వెర్షన్‌తో వచ్చిన జార్ ఫైలు లోపల చూస్తే ఒక మామూలు జిప్ ఫైలే. అందులో మానిఫెస్ట్ అనే చిన్న చీటీ ఒకటి ఉంటుంది, ప్రోగ్రాము ఏ క్లాసుతో మొదలవ్వాలో దాని మీద రాసి ఉంటుంది. ఆ చీటీని చేతితో రాసేవారు చివరి వరుస తర్వాత ఎంటర్ కొట్టకపోతే జావా ఆ వరుసను చదవనే చదవదు, మెయిన్ క్లాసు లేదని చెప్పి ఆగిపోతుంది. ఈ ఒక్క ఎంటర్ కోసం ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నవారు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు, వారిలో నేనూ ఒకణ్ని. ఆపై చిక్కు లైబ్రరీలది. జార్ ఫైలును నేరుగా నడిపినప్పుడు విడిగా ఇచ్చిన క్లాస్‌పాత్‌ను (లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే జాబితాను) జావా పట్టించుకోదు గనుక, కావలసిన లైబ్రరీలన్నిటినీ అదే జార్‌లో కూర్చి పెట్టే పద్ధతి వాడుకలోకి వచ్చింది. దీన్నే మేము ఫ్యాట్ జార్ అంటాము. ప్రోగ్రామును కంపైల్ చేసి మూటగట్టే మేవెన్ అనే పనిముట్టులో షేడ్ ప్లగిన్ అన్ని లైబ్రరీలనూ విప్పి ఒకే రాశిగా పోస్తుంది. 2014లో మొదటి వెర్షన్ వచ్చిన స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ అలా విప్పకుండా జార్‌లోనే జార్‌లను దొంతరగా పెట్టి, వాటిని తెరవడానికి సొంత లాంచర్‌ను వెంట పంపుతుంది.

ఒకే రాశిగా పోయడంలో రెండు చిక్కులున్నాయి, రెండూ బిల్డ్ సమయంలో కాక నడిపేటప్పుడు బయటపడతాయి. రెండు లైబ్రరీల్లో ఒకే పేరున్న సర్వీసు ఫైళ్లు (లైబ్రరీ అందించే క్లాసుల పేర్లు రాసి ఉండే చిన్న ఫైళ్లు) ఉంటే ఒకటి మిగిలి రెండోది పోతుంది. అలా పోయినది డేటాబేస్‌తో ప్రోగ్రామును కలిపే డ్రైవర్ పేరున్న ఫైలైతే, డ్రైవర్ జార్‌లో ఉన్నా సరే, తగిన డ్రైవర్ దొరకలేదని ప్రోగ్రాము మొండికేస్తుంది. ఇక ఏదైనా లైబ్రరీకి డిజిటల్ సంతకం ఉంటే, ఆ సంతకపు ఫైళ్లు కొత్త రాశిలోకి కూడా వచ్చి, లోపలి సరుకుతో పొసగక, జావా ఆ జార్‌ను నమ్మనని చెబుతుంది. మొదటిదానికి సర్వీసు ఫైళ్లను కలిపి రాయమనీ, రెండోదానికి సంతకపు ఫైళ్లను వదిలేయమనీ ప్లగిన్‌కు చెబితే చాలు. మేవెన్‌కు సూచనలిచ్చే పామ్ ఫైలులో కొద్ది వరుసల్లో ముగిసే ఈ సవరణ తెలియక, డేటాబేస్‌నే మార్చేసిన జట్టును నేను చూశాను.

జార్ సిద్ధమయ్యాక దాన్ని క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే యంత్రాలకు, పంపడంలో తొలి పొరపాటు ఎక్కువగా జావా వెర్షన్ దగ్గర జరుగుతుంది. జావా 17తో కంపైల్ చేసిన క్లాసు మీద 61 అనే అంకె ఉంటుంది. 55 దాకా మాత్రమే చదవగలిగే జావా 11 దాన్ని తెరవనంటుంది. కాబట్టి ఏ జావా కావాలో వేదికకు స్పష్టంగా చెప్పాలి. రెండోది, వ్యాసాల్లో అరుదుగా కనిపించేది, ప్రోగ్రాము స్వభావం. చాలా క్లౌడ్ వేదికలు మనం పంపినది వెబ్‌సైటే అనుకుంటాయి. హెరోకూ అనే క్లౌడ్ వేదికలో ప్రోక్‌ఫైల్ అనే చిన్న ఫైలులో వెబ్ అని రాసినవారి ప్రోగ్రాము, వేదిక కేటాయించిన పోర్టును (బయటి నుంచి విన్నపాలు వచ్చే ద్వారాన్ని) 60 సెకన్లలో తెరిచి వినడం మొదలుపెట్టకపోతే, అది చెడిపోయిందనుకొని వేదిక దాన్ని ఆపేస్తుంది. రాత్రి పూట లెక్కలు కట్టి ముగిసిపోయే స్టాండలోన్ అప్లికేషన్‌కు పోర్టుతో పనేముంది? వెనుక ఆగకుండా నడిచేదాన్ని వర్కర్ అని రాయాలి, ఇలా ముగిసిపోయేదాన్ని హెరోకూ షెడ్యూలర్‌తో వేళకు నడిపించాలి. గూగుల్ క్లౌడ్ రన్‌లోనూ ఇలాంటి పనికి జాబ్ అనే వేరే రకం ఉంది. ఈ తేడా తెలియక, ఎవరూ చూడని ఒక వెబ్ పేజీని కేవలం వేదికను మభ్యపెట్టడానికి తగిలించిన అప్లికేషన్లు ఉద్యోగాల్లో కూడా కనిపిస్తాయి.

ఇక నా సొంత పొరపాటు చెబుతాను, ఎందుకంటే ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. మా ప్రాంతంలోని ఒక పాల సేకరణ సంస్థకు, రైతులు పోసిన పాల కొలత, వెన్న శాతం తీసుకొని పదిహేను రోజులకోసారి రైతువారీ బిల్లు కట్టే చిన్న జావా అప్లికేషన్ రాసిచ్చాను. నా లాప్‌టాప్ మీద నెల రోజులు పరీక్షించాను, ఒక్క పైసా తేడా రాలేదు. క్లౌడ్‌కు మార్చిన తర్వాతి బిల్లులోనే గొడవ మొదలైంది. ఒక పెద్దావిడ, కేంద్రంలో ఇచ్చిన చీటీలన్నీ దారానికి గుచ్చి దాచుకున్నది, వాటిని తెచ్చి బల్ల మీద పెట్టి, తాను పొద్దున పోసిన పాలు ముందు రోజు సాయంత్రం పోసినట్టు ఎందుకు రాశారని అడిగింది. ఆమె ప్రశ్నలోనే జవాబుంది. మా వైపు ఉదయం పాలు అయిదింటికే మొదలవుతాయి. క్లౌడ్ యంత్రాల గడియారం సాధారణంగా అంతర్జాతీయ కాలాన్ని, అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనకున్న కాలాన్ని చూపిస్తుంది. అయిదుగంటల పది నిమిషాలకు ఆమె పోసిన పాలకు నా ప్రోగ్రాము ముందు రోజు రాత్రి 11 గంటల 40 నిమిషాలని ముద్ర వేసింది. ఆరింటికి వచ్చినవారికి తేదీ సరిగానే పడింది కాబట్టి లోపం అందరికీ కనిపించలేదు. సాయంత్రం అయిదింటికి పోసిన పాలు మాత్రం ఉదయం పాల ఖాతాలోకి చేరాయి. యంత్రం ఉన్నది హైదరాబాద్‌లోనే కదా అని నేను ధీమాగా ఉన్నాను. యంత్రం ఏ ఊళ్లో ఉన్నదనే దానికీ, దాని గడియారం ఏ కాలం చూపుతుందనే దానికీ సంబంధం లేదని ఆ రోజు ఆ పెద్దావిడ చీటీల ముందు కూర్చొని తెలుసుకున్నాను. ఆసియా కోల్‌కతా అనే కాలమండలం పేరును కోడ్‌లోనే స్పష్టంగా రాయడం దీనికి మందు. జావాను మొదలుపెట్టే ఆదేశంలోనూ ఆ పేరు ఇవ్వవచ్చు గాని, ఆదేశాన్ని రేపు ఇంకొకరు మార్చవచ్చు.

అదే బిల్లుల మీద పేర్లు కూడా పోయాయి. జావా 18 రాకముందు, అంటే 2022 మార్చికి ముందటి వెర్షన్లలో, ఫైలు చదివేటప్పుడు మనం ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) చెప్పకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ భాషా అమరికను బట్టి జావా తానే ఒకటి ఎంచుకునేది. నా ఉబుంటు లాప్‌టాప్‌లో అది యూటీఎఫ్-8. నేను ఎంచుకున్న చిన్న లినక్స్ కంటైనర్‌లో (ప్రోగ్రామును కావలసిన సరంజామాతో విడిగా నడిపే పెట్టెలో) భాషా అమరిక ఖాళీగా ఉంది కాబట్టి జావా 11 దాన్ని ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే ఉండే ఉత్త ఆస్కీగా తీసుకుంది. కంటికి మూడక్షరాలుగా కనిపించే ఎల్లమ్మ అనే పేరు యూనికోడ్‌లో ఏడు గుర్తులు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. బిల్లు మీద వరుసగా 21 ప్రశ్నార్థకాలు వచ్చాయి. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించేవారికి ఈ లోపం ఎన్నటికీ కనిపించదు. ఇంగ్లిష్‌లో వచ్చే పాఠాల్లో దీనికి చోటు దక్కకపోవడంలో వింత లేదు, తెలుగు పత్రికలోనైనా దక్కాలని నా మనవి. ఫైలు తెరిచే ప్రతిచోటా యూటీఎఫ్-8 అని రాసి దాన్ని సరిచేశాక, పీడీఎఫ్ బిల్లులో ప్రశ్నార్థకాలు పోయి ఖాళీ డబ్బాలు వచ్చాయి, ఎందుకంటే ఆ కంటైనర్‌లో తెలుగు ఫాంటే లేదు. లాప్‌టాప్‌లో ఫాంట్ దానంతటదే ఉంటుంది గనుక అది కూడా మూటలో పెట్టవలసిన సరుకేనని మనకు తట్టదు. చివరికి నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఫైలును జార్‌లోనే పెట్టి అక్కడి నుంచి చదివించాను.

మెమరీ సంగతి కొంత క్లుప్తంగా. కంటైనర్‌కు 512 ఎంబీ మాత్రమే ఇచ్చినా, పాత జావా 8 ఆ హద్దును చూడకుండా, దాన్ని మోస్తున్న పెద్ద యంత్రపు మెమరీని చూసి అందులో నాలుగో వంతును తన హీప్‌కు (ఆబ్జెక్టులు ఉంచుకునే మెమరీకి) గరిష్ఠ హద్దుగా పెట్టుకునేది. ఆ యంత్రానికి 16 జీబీ ఉంటే 4 జీబీ దాకా వాడుకోవచ్చనుకొని పెరుగుతూ పోయేది, 512 దాటగానే లినక్స్ దాన్ని చంపేసేది. ప్రోగ్రాము నడిచిన తీరు నమోదయ్యే లాగ్‌లో జావా ఎర్రర్ ఏదీ ఉండదు, మిగిలేది 137 అనే ఎగ్జిట్ కోడ్ ఒక్కటే. చంపిన సిగ్నల్ సంఖ్య 9కి 128 కలిపితే వచ్చే అంకె అది. 2018 మార్చిలో వచ్చిన జావా 10, అదే ఏడాది అక్టోబరులో జావా 8కు వచ్చిన 191వ అప్‌డేట్ కంటైనర్ హద్దును గుర్తించడం నేర్చుకున్నాయి. ఇప్పుడు ఎదురయ్యే ఇబ్బంది ఇంకో వైపుది: 512 ఎంబీలో నాలుగో వంతు, అంటే 128 ఎంబీ మాత్రమే తీసుకొని, డబ్బు కట్టిన మిగతా మెమరీలో చాలా భాగాన్ని వాడకుండా వదిలేస్తుంది. ఎంత శాతం వాడుకోవాలో మనమే చెప్పాలి. హీప్ బయట కూడా జావాకు కొంత చోటు కావాలి కాబట్టి నూటికి నూరూ ఇవ్వకూడదు.

కంటైనర్‌లో రాసిన ఫైళ్లు కంటైనర్‌తోనే పోతాయని, హెరోకూలో ప్రోగ్రామును రోజుకొకసారైనా కొత్తగా మొదలుపెడతారు కాబట్టి నిన్నటి ఫైలు ఇవాళ ఉంటుందని ఆశపడరాదని చెప్పి ఈ విషయం ముగిస్తాను. పాస్‌వర్డుల గురించి కూడా ఒక్క మాట చాలు. జార్ జిప్ ఫైలే అన్నాను కదా, డేటాబేస్ పాస్‌వర్డును అందులో పెట్టి పంపిన విద్యార్థి ఎదుటే నేను ఆ ఫైలు పేరు చివర మార్చి, తెరిచి, పాస్‌వర్డు చదివి వినిపించాను. అప్పటి నుంచి ఆ జట్టువారు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (పాస్‌వర్డు వంటివాటిని జార్‌లో కాక యంత్రం మీదే పెట్టే పద్ధతి) అన్న మాటను మరచిపోయి ఉండరు.

మూటలో ఏముందో తెలియకపోవడం ఎంత ప్రమాదమో 2021 డిసెంబరులో అందరికీ తెలిసింది. లాగ్‌లు రాయడానికి వాడే లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీలో, బయటివారు పంపిన ఒక చిన్న పదబంధంతో సర్వర్‌ను స్వాధీనం చేసుకోగలిగే లోపం బయటపడింది. సవరించిన వెర్షన్ రోజుల్లోనే వచ్చింది, కానీ తమ అప్లికేషన్లలో ఆ లైబ్రరీ ఉన్నదా లేదా అన్నది ఎన్నో సంస్థలు వెంటనే చెప్పలేకపోయాయి, ఎందుకంటే అది వారు నేరుగా తెచ్చుకున్నది కాదు, తెచ్చుకున్న లైబ్రరీ వెంట వచ్చింది, జార్‌లోని జార్‌లో దాగి ఉంది. ఆ వారాంతం మా ఇంట్లో పెళ్లి చూపులు ఉండగా నేను ఒక మూల కూర్చొని పాత జార్‌లు ఒక్కొక్కటే విప్పి చూశాను. మేవెన్‌లో లైబ్రరీల చెట్టును చూపించే ఆదేశం ఒక్కటి ముందే అలవాటై ఉంటే ఆ పని గంటలో తేలేది.

ఈ మాటలన్నీ కళాశాలలో చెప్పినప్పుడు నాకు వచ్చిన జవాబు న్యాయమైనదే. విద్యార్థులకు క్లౌడ్ ఖాతాలు ఎక్కడివి? చాలా వేదికలు ముందే క్రెడిట్ కార్డో డెబిట్ కార్డో అడుగుతాయి. ఎందరో తొలి ప్రయత్నాలు చేసుకున్న హెరోకూ ఉచిత పథకం 2022 నవంబరు 28తో ముగిసింది. మరచిపోయి వదిలేసిన ఒక సర్వర్‌కు నెలాఖరున బిల్లు వస్తే కట్టేదెవరు? ఒప్పుకుంటాను. కానీ నేను చెప్పిన లోపాల్లో ఏ ఒక్కటీ క్లౌడ్‌లో మాత్రమే పుట్టేది కాదు, క్లౌడ్‌లో బయటపడేది మాత్రమే. రూపాయి ఖర్చు లేకుండా ల్యాబ్‌లోనే వాటన్నిటినీ రప్పించవచ్చు. దాని కోసం పెద్ద సంఖ్యలో కంటైనర్లను నడిపించే కుబర్నెటీస్ దాకా పోనక్కర్లేదు. జార్ కట్టడం రాని పిల్లవాడికి కుబర్నెటీస్ సర్టిఫికెట్ ఇప్పిస్తామని అమీర్‌పేట గోడల మీద కనిపించే ప్రకటనలు నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తాయి.

నేను కోరేది ఇంతే. ప్రాజెక్టు మూల్యాంకనంలో విద్యార్థులు ఒక జార్ ఫైలునూ, దాన్ని నడిపే ఒక్క వరుస ఆదేశాన్నీ, దానికి ఏ వేరియబుళ్లు కావాలో రాసిన అర పేజీ కాగితాన్నీ ఇవ్వాలి. ఎక్లిప్స్ లేని, జావా 17 మాత్రమే ఉన్న ఇంకో లినక్స్ కంప్యూటరు మీద దాన్ని పరీక్షకుడే నడపాలి. ఆ కంప్యూటరు గడియారాన్ని అంతర్జాతీయ కాలానికి మార్చి, భాషా అమరికను ఖాళీ చేసి, హీప్‌ను 128 ఎంబీకి కుదించి ఉంచాలి. ఇన్‌పుట్‌లో ఒక తెలుగు పేరూ, తెల్లవారుజామున అయిదుగంటల పది నిమిషాల సమయమూ తప్పకుండా ఉండాలి. ఆ తర్వాత ఆసక్తి ఉన్నవారు అదే జార్‌ను డాకర్ ఇమేజిలో, అంటే కంటైనర్‌కు మూసలో, పెట్టడం, మారని లైబ్రరీలను ఒక పొరగా, రోజూ మారే సొంత కోడ్‌ను ఇంకో పొరగా విడదీయడం నేర్చుకోవచ్చు. ఊళ్లో నెమ్మదైన ఇంటర్నెట్ ఉన్నవారికి ఇది ఎంత మేలో, ఒక్క వరుస మార్చిన పాపానికి 60 ఎంబీ జార్‌ను మళ్లీ మళ్లీ ఎక్కించినవారికి తెలుస్తుంది. ల్యాబ్ మాన్యువల్‌లో దీనికి రెండు వారాలు చాలు.

మీ చదువుల పేజీ ఈ విషయానికి రెండు మూడు ఆదివారాలు కేటాయిస్తే ఎందరో అధ్యాపకులకు ఆధారం దొరుకుతుంది. ఈసారి వైవాకు నేను ఒక పాత లాప్‌టాప్ వెంట తీసుకెళ్తున్నాను. అందులో జావా తప్ప ఏమీ లేదు, దాని గడియారం అయిదున్నర గంటలు వెనక్కి ఉంది. విద్యార్థులు కంగారుపడకుండా ఈ సంగతి వారికి నెల ముందే చెప్పమని కళాశాలవారికి రాశాను.

ఇట్లు,
ఒక జావా ప్రోగ్రామర్,
జనగామ